చేపల బజారులో జన్యు సాక్ష్యం

అంగడిలో కొనే వస్తువులలో కొన్నింటికి తూకము ప్రమాణం, కొన్నింటికి మాట ప్రమాణం. బియ్యం కొనేటప్పుడు గింజను పంటితో కొరికి చూడవచ్చును. గుడ్డ కొనేటప్పుడు పోగు లాగి చూడవచ్చును. చేప కొనేటప్పుడు, అందులోనూ కోసి ఇచ్చిన ముక్కలు కొనేటప్పుడు, మనకు మిగిలేది అమ్మినవారి మాట ఒక్కటే. తల తీసి, తోలు ఒలిచి, ముల్లు ఏరివేసిన తెల్లని ముక్కకు ముఖమంటూ ఉండదు. ఏ పేరు చెప్పితే అదే దాని పేరు. ఆ పేరు మీదనే ధర, ఆ పేరు మీదనే నమ్మకం నిలిచి ఉన్నవి.

ఈ సంగతి మాకు తెలిసివచ్చిన తీరును ముందుగా విన్నవించుకొంటాము. అందులో తప్పు మాది గనుక దాచవలసిన పని లేదు.

ఒక ఆదివారం ఇంటికి అతిథులు వచ్చే సందర్భంలో కళాశాలకు దగ్గరి చేపల బజారుకు పోయి "పాంఫ్రెట్ ఉన్నదా?" అని అడిగినాము. కత్తిపీట ముందు కూర్చున్న ఒక ముసలమ్మ గుండ్రంగా, చదునుగా, వెండి వన్నెలో మెరుస్తున్న చేపలను చూపినది. ధర మేము అనుకొన్నదానికంటె ఎంతో తక్కువ. మా అదృష్టమే అనుకొని కొనితెచ్చినాము. ఆనాటి అతిథులలో జంతుశాస్త్ర శాఖకు చెందిన మా మిత్రులొకరు ఉన్నారు. వారు చేప తలను చేతిలోకి తీసుకొని, నోరు తెరచి, మనుష్యుల దంతాలవలె వరుసగా ఉన్న పళ్ళను చూపి, "ఇది చందువ కాదు, రూప్‌చంద్" అన్నారు. రూప్‌చంద్ దక్షిణ అమెరికా ఖండంలోని అమెజాన్, ఒరినోకో నదుల చేప. మన చెరువులలో పెంపకానికి వచ్చి ఎంతోకాలం కాలేదు. సముద్రపు చందువకూ దానికీ బంధుత్వం లేదు.

మరునాడు కోపంతో ఆ బజారుకు పోయి నలుగురు వింటుండగా "మోసం చేసినావు" అన్నాము. ఆమె తొణకలేదు. "సారూ, మీరు పాంప్లెట్ అడిగిండ్రు. పెట్టె మీద గదే రాసుకొని వస్తది. సముద్రంది కావాల్నంటే చందువ అని అడగాలె. గీ ధరకు చందువ ఏడ దొరుకుతది?" అని, వెనుకనున్న థర్మకోల్ పెట్టె మూతను మా ముందుకు తోసి, "నాకు సదువు రాదు, సదువుకున్నోళ్ళు మీరే సదువుండ్రి" అన్నది. మూతమీద ఇంగ్లీషు అక్షరాలలో 'పాంఫ్రెట్' అనియే వ్రాసి ఉన్నది. క్షమాపణ చెప్పుకొని తిరిగి వచ్చినాము. పేరు మార్చినవారు ఎక్కడో పైన ఉండగా, నిందను మేము మోపినది గంప ముందు కూర్చున్న మనిషి మీద. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ సిగ్గే కారణం.

తెలుగు బోధించేవారికి చేపల గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. ఇది మొదట పేర్ల గొడవ, కనుక మాకు కూడా సంబంధించినదే. ఒక చేపకు అనేక నామాలు ఉండుట మనకు కొత్త కాదు. కోస్తాలో శీలావతి అనే చేపను తెలంగాణలో రవ్వ అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో రోహూ అంటారు. ఒకరు కొర్రమీను అంటే మరొకరు కొర్రమట్ట అంటారు, ఇంకొకరు మరల్ అంటారు. ఇవి పర్యాయపదాలు, వీటివలన ఎవరికీ నష్టం లేదు. ఒకే పేరు క్రింద వేర్వేరు చేపలు చేరినప్పుడే చిక్కు మొదలవుతుంది. తెల్ల చందువ, నల్ల చందువ అని రెండింటిని అక్కచెల్లెళ్ళవలె పిలుస్తాము. శాస్త్రం ప్రకారం నల్ల చందువ అసలు చందువల కుటుంబంలోనిది కాదు, పార చేపల కుటుంబంలోనిది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. చూపునకు పోలిక కనబడితే జనం పోలికను బట్టి పేరు పెట్టుకొన్నారు. రూప్‌చంద్‌ను పాంఫ్రెట్ అని పెట్టెమీద వ్రాయడం అటువంటిది కాదు, అది ధర కోసం పెట్టిన పేరు. కనుక పేరు తప్పినంతమాత్రాన మోసమనరాదు. అట్లని మోసం జరుగుట లేదని చెప్పుటకూ వీలు లేదు. ఈ రెంటినీ వేరుచేసి చూపగల సాక్షి కావాలి.

ఆ సాక్షిని ఆధునిక శాస్త్రం మన చేతికి ఇచ్చినది. ప్రతి ప్రాణి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే సూత్రం ఉన్నది. అది నాలుగే అక్షరాలతో వ్రాసిన గ్రంథం వంటిది. ఆ గ్రంథమంతా చదువుట కష్టం గనుక ఏ పుట చదివితే జాతి తెలుస్తుందో శాస్త్రజ్ఞులు వెదకినారు. కెనడా దేశంలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్, ఆయన సహచరులు 2003లో ఒక సూచన చేసినారు. కణంలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలో ఒక జన్యువు ఉన్నది. అందులో సుమారు 650 అక్షరాల భాగాన్ని చదివితే చాలు, జంతువు ఏ జాతిదో చాలామట్టుకు చెప్పవచ్చునన్నారు. దుకాణంలో సబ్బు పెట్టెమీద ఉండే నల్లగీతల పట్టీ సరుకును ఎట్లు తెలుపుతుందో, ఈ అక్షరాల వరుస జాతిని అట్లు తెలుపుతుంది. అందుకే దీనికి డి.ఎన్.ఏ. బార్‌కోడ్ అని పేరు వచ్చినది.

పని జరిగే పద్ధతి అర్థం కానంత జటిలమేమీ కాదు. బియ్యపు గింజంత కండ తీసి స్పిరిటులో ఉంచుతారు. దానినుండి డి.ఎన్.ఏ.ను వేరుచేస్తారు. కావలసిన చిన్న భాగానికి యంత్రం సహాయంతో కోట్ల ప్రతులు తీస్తారు. ఆ ప్రతుల అక్షరక్రమాన్ని చదివి, ముందే గుర్తించి భద్రపరచిన చేపల వరుసలతో పోల్చుతారు. పోల్చుటకు ఆధారం దూరమే. 2005లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 207 జాతుల చేపలను ఇట్లు చదివి చూడగా, ఒకే జాతి చేపల మధ్య భేదం సగటున నూటికి 0.39 మాత్రమే కనబడినది. ఒకే ప్రజాతిలోని వేర్వేరు జాతుల మధ్య భేదం సగటున నూటికి 9.93 ఉన్నది. అన్నదమ్ములకూ ఇరుగుపొరుగువారికీ ఉన్నంత స్పష్టమైన తేడా ఇది. ముక్క పచ్చిదైనా, ఎండినదైనా, వండినదైనా చాలా సందర్భాలలో ఈ సాక్ష్యం దొరుకుతుంది. ఎక్కువ ఉడికిన దానిలో సూత్రం తునకలైపోతుంది గనుక ఇంకా చిన్న భాగాన్ని చదువుతారు.

ఈ విద్య మన గడపకు దూరమైనది కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలో లాల్జీ సింగ్, ఆయన సహచరులు చిన్న మాంసపు ముక్కనుండి అది ఏ జంతువుదో తెలుసుకొనే పద్ధతిని రూపొందించి 2003లో ప్రకటించినారు. వన్యమృగాల మాంసం పట్టుబడిన కేసులలో న్యాయస్థానాలకు అటువంటి సాక్ష్యం ఉపకరించినది. మేక మాంసమని చెప్పిన ముక్క జింకదని తేల్చగల ఊరిలో, చందువ అని చెప్పిన ముక్క చందువ అవునో కాదో తేల్చుట అసాధ్యమేమీ కాదు. లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు మన దేశపు సముద్ర చేపలలో 115 జాతుల బార్‌కోడులను 2011లో ప్రకటించినారు.

ఇతర దేశాలలో ఈ సాక్షిని బోనెక్కించగా తేలిన సంగతులు ఆలోచింపదగినవి. 2008లో న్యూయార్క్ నగరంలో ఇద్దరు ఉన్నత పాఠశాల విద్యార్థినులు దుకాణాలనుండి, హోటళ్ళనుండి చేప ముక్కలు కొని, స్పిరిటులో వేసి పరీక్షకు పంపినారు. ఫలితం తేలిన వాటిలో దాదాపు నాల్గవ వంతు వేరే పేరుతో అమ్మినవని బయటపడినది. వారు శాస్త్రజ్ఞులు కారు, మన ఇంటర్మీడియట్ విద్యార్థుల వయస్సువారు. ఓషియానా అనే సంస్థ 2010 నుండి 2012 వరకు అమెరికాలో 674 చోట్ల కొన్న 1,215 నమూనాలను పరీక్షించి, మూడింట ఒక వంతు పేరు తప్పినవని 2013లో ప్రకటించినది. అవి చదువు, చట్టము, అచ్చువేసిన లేబుళ్ళు ఉన్న దుకాణాలు. అబద్ధపు పేరు పేదల బజారులోనే పుట్టుతుందనే భ్రమను ఈ లెక్కలు తొలగించవలెను.

మారిన పేరు రుచితోనూ రూపాయితోనూ ఆగిపోతే క్షమించవచ్చునేమో. 2007లో అమెరికాలోని చికాగో ప్రాంతంలో మాంక్‌ఫిష్ అనే పేరుతో కొన్న చేపతో ఇంట్లో పులుసు చేసుకొని తిన్నవారు విషప్రభావానికి లోనయినారు. మిగిలిన ముక్కల జన్యుపరీక్షలో అది బెదిరితే బంతివలె ఉబ్బే పఫర్ చేప అని తేలినది. దాని విషానికి విరుగుడు లేదు. మన వద్ద సంగతి వేరొకటి ఉన్నది. ఆఫ్రికా ఖండపు మాగుర్ చేప ఇతర చేపలను మింగి చెరువులను గుల్లచేస్తుందని 2000లో భారత ప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించినది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని మళ్ళీ గట్టిగా చెప్పవలసి వచ్చినది. మనం మార్పు అని పిలిచే నాటు చేపకూ దీనికీ చిన్న వయస్సులో పోలిక ఎక్కువ. ఆ పోలిక చాటున నిషిద్ధమైనది అమ్ముడుపోతే నష్టపోయేది కొన్నవారొక్కరే కాదు, చెరువు మీద బ్రతికే ఊరంతా నష్టపోతుంది.

సొరల విషయం ఇంకొక తీరు. తీరప్రాంతంలో బాలింతలకు పాలసొర వండి పెట్టుట ఆచారం. సొరపుట్టు తెలియని కోస్తావారు ఉండరు. తినదగిన సొరలు అనేకం ఉన్నవి. వాటితోపాటు తిమింగల సొర, రంపపు ముక్కు చేప వంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జాతులు. 2022లో సవరించిన ఆ చట్టం 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చి, ఆ రక్షిత జాతుల పట్టికను పెంచినది. రెక్కలు, తల, తోక తీసి ముక్కలు చేసిన పిమ్మట ఏ సొర చట్టంలోనిదో, ఏది కాదో జాలరికే తెలియదు, కొన్నవారికి ఎట్లు తెలియగలదు? అక్కడ జన్యు సాక్ష్యమే చివరి మాట చెప్పగలదు.

ఇంతవరకు విన్నవారికి ఈ పరీక్ష సర్వజ్ఞమని తోచవచ్చును. అట్లు నమ్ముట ప్రమాదం. సాక్షి దేనికి సాక్ష్యం చెప్పగలడో, దేనికి చెప్పలేడో ముందు తెలిసి ఉండవలెను.

పుస్తెలమ్మి అయినా పులస తినవలెనని గోదావరి జిల్లాలలో సామెత. వరద నీరు ఎర్రబారిన రోజులలో సముద్రంనుండి గోదావరికి ఎదురీది వచ్చే చేప పులస. సముద్రంలో ఉన్నప్పుడు దానినే ఇలస అంటారు, వలస అనువారు కూడా ఉన్నారు. ధరలో రెంటికీ పోలికే లేదు. ఒడిశానుండో బెంగాలునుండో వచ్చిన ఇలసను పులస పేరుతో అమ్ముట తరచుగా వినే ఫిర్యాదు. మరి బార్‌కోడ్ పరీక్ష చేయిస్తే ఏమి చెప్పుతుంది? రెండింటికీ ఒకే సమాధానం చెప్పుతుంది. రెండూ ఒకే జాతి. శాస్త్రం దృష్టిలో పేరు టెన్యువలోసా ఇలిషా అనే ఒక్కటే. చేప ఎక్కడ పట్టుబడినదో, ఏ నీరు త్రాగినదో, దాని కండలో కొవ్వు ఎంత చేరినదో ఆ 650 అక్షరాలలో వ్రాసి ఉండదు. యానాం రేవులోనో రాజమండ్రి బజారులోనో చేపను చేత పట్టుకొని, పొలుసు వన్నెను, పొట్ట బిగువును చూచి ఇది నదిది, ఇది సముద్రానిది అని చెప్పే స్త్రీల అనుభవమే అక్కడ దిక్కు.

ఇంకొక పరిమితి కూడా ఉన్నది. మైటోకాండ్రియా తల్లినుండి మాత్రమే సంతానానికి వస్తుంది. చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలలో బొచ్చెకూ రవ్వకూ కలిసిన సంకర సంతానం పుట్టుతూ ఉన్నది. దానిని బార్‌కోడ్ పరీక్షకు పెడితే తల్లి జాతి పేరు మాత్రమే చెప్పి, తండ్రి ఊసెత్తదు. సంకరాన్ని పట్టుటకు కేంద్రకంలోని జన్యువులను కూడా చూడవలెను. చేప తాజాదా కాదా అన్నది అసలే చెప్పదు. 2018లో చేపలలో ఫార్మలిన్ కలుస్తున్నదని కేరళలో, అస్సాంలో కలకలం రేగినప్పుడు ఆంధ్ర చేపల పేరు కూడా వినవచ్చినది. ఆ దోషాన్ని పట్టడానికి కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన చిన్న కాగితపు పరీక్ష ఉన్నది. దానికి డి.ఎన్.ఏ.తో పని లేదు. మొప్ప ఎర్రదనము, కంటి నిగనిగ చూచుట మన పెద్దలు నేర్పిన పరీక్ష. దానిని మానుకొనవలసిన అవసరం ఏ కాలంలోనూ రాదు.

పరీక్ష విలువా దాని పరిమితీ తెలిసినవి గనుక ఇక అసలు ప్రశ్నకు వస్తాము. ఈ సాక్షిని ముందుగా ఎవరి ఎదుట నిలబెట్టవలెను?

అధికారులు వచ్చి ప్రతి గంపనుండి ముక్క కోసి పరీక్షకు పంపవలెనని కొందరి అభిప్రాయం. వినడానికి కఠినంగా, న్యాయంగా ఉంటుంది. ఆలోచిస్తే న్యాయం కనబడదు. ఎండలో కూర్చుని అమ్మే స్త్రీ తెల్లవారక ముందే టోకు బజారులో పెట్టెను కొన్నది. పెట్టెమీది పేరును ఆమె వ్రాయలేదు, చదువలేదు. జరిమానా పడితే చెల్లించేది మాత్రం ఆమె. పైగా గంపలోని చేపకు తల ఉన్నది, తోక ఉన్నది, పొలుసు ఉన్నది. తెలిసినవారు చూచి గుర్తించగలరు. అబద్ధపు పేరుకు ఎక్కువ చోటున్నది ముక్కలు చేసి, మంచుగడ్డ కట్టించి, అందమైన సంచులలో అమ్మే సరుకులోనూ, హోటలు పళ్ళెంలోనూ. మన నగరపు హోటళ్ళలో అపోలో ఫిష్ అనేది వంటకం పేరే కాని చేప పేరు కాదు. అది కొర్రమీనా, మేకాంగ్ నదినుండి వచ్చి మన చెరువులలో పెరుగుతున్న ఫంగాసియస్ చేపా అన్నది మసాలా చెప్పదు. కనుక మొదటి పరీక్ష టోకు పెట్టెకు, మూసిన సంచికి, హోటలు పళ్ళేనికి జరగవలెను. గంప వంతు చివరిది. అదీ శిక్షకు కాక, తెలియజెప్పుటకు కావలెను.

"తినేవానికి రుచి చాలదా, పేరుతో ఏమి పని?" అని మరికొందరి వాదం. ఆ వాదం చేసేవారు తెలిసి రూప్‌చంద్ కొని తింటే మాకు అభ్యంతరం లేదు. రూప్‌చంద్ చౌకైన చేప, పేదవాని పళ్ళెంలోకి మాంసకృత్తులు తెచ్చే చేప. దాని సొంత పేరుతో అమ్మితే దానికి చిన్నతనం ఏమున్నది? చందువ ధర పుచ్చుకొని రూప్‌చంద్ ఇచ్చిననాడు మాత్రం కొన్నవాని కష్టార్జితం పోతున్నది, నిజంగా చందువ పట్టి తెచ్చిన జాలరి ధరా పడిపోతున్నది. పేరు మారుట వలన నష్టపోయేవారిలో జాలరే ముందు ఉన్నాడని మనం మరచిపోతున్నాము.

పరీక్ష ఫలితం ఎంత శుద్ధమైనా, దానిని పోల్చుటకు ఒక చట్టబద్ధమైన పేరు లేకపోతే నేరం నిలువదు. ప్రయోగశాల పియారాక్టస్ బ్రాకిపోమస్ అని లాటిను పేరు చెప్పుతుంది. బజారు పాంఫ్రెట్ అంటుంది. ఈ రెంటికీ మధ్య వంతెన ఏది? యూరపు దేశాల సమాఖ్య 2013లో చేసిన నిబంధన ప్రకారం చేపలు అమ్మేచోట వ్యాపారపు పేరుతోపాటు శాస్త్రీయ నామం కూడా తెలుపవలెను. ఏ పేరు ఏ జాతికి చెల్లుతుందో ప్రతి దేశమూ పట్టిక ప్రకటించవలెను. మనకు కూడా అటువంటి పట్టిక కావాలి. అది ఇంగ్లీషులో మాత్రమే ఉంటే మూతమీది వ్రాతకూ దానికీ తేడా ఉండదు. తెలుగులోనూ ఉర్దూలోనూ, బజారులో నిజంగా పలికే మాటలతో ఉండవలెను.

మన మాటలకు శాస్త్రంలో చోటు దొరకదని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, పాముల గ్రంథం వలన ప్రసిద్ధుడు, పద్దెనిమిదవ శతాబ్ది చివర విశాఖపట్నంలో చేపలను సేకరించి, 200 చేపల వర్ణనలతో, చిత్రాలతో 1803లో లండనులో రెండు సంపుటాలు ప్రచురించినాడు. అందులో ఆయన జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసుకొన్నాడు. తరువాతి శాస్త్రజ్ఞులు వాటిని తీసుకొని లాటిను రూపం ఇచ్చినారు. మన కవులు కన్నులకు ఉపమానంగా చెప్పి వాలుగంటి అనే మాటను సృష్టించిన వాలుగ చేప శాస్త్రంలో వల్లాగో అట్టు అయినది. గొరక చేప పొమడాసిస్ గువోరాకా అయినది. చదువురాని జాలరి నోటి మాట ప్రపంచమంతటి గ్రంథాలలో నిలిచి ఉన్నది. ఆ మాటకు ఇచ్చిన గౌరవం ఆ మాట చెప్పినవారికి మాత్రం ఇంతవరకు దక్కలేదు.

శాస్త్రం కూడా తన పేర్లను దిద్దుకొంటూనే ఉన్నది. మన తీరపు తెల్ల చందువను చాలాకాలం పామ్పస్ అర్జెంటియస్ అని వ్రాసినారు. ఇటీవలి పరిశోధనలు, జన్యు సాక్ష్యంతో సహా, అది పామ్పస్ కాండిడస్ అనే వేరు జాతి అని చెప్పుతున్నవి. పండితులే ఇట్లు సవరించుకొంటుండగా, బజారులో ఒక మాట తప్పినదని ఒక ముసలమ్మను నలుగురిలో నిలదీయుట మాకు తగిన పని కాదని ఇప్పుడు తెలుస్తున్నది.

ఇక మా మనవి. విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ కలిపి చెప్పుకొంటున్నాము.

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ, జంతుశాస్త్ర శాఖలు ఒకే వరండాలో ఉన్నవి, ఒకరి పని ఒకరికి తెలియదు. ఈ మూడు శాఖలు కలిసి మన ఊరి చేపల బజారుకు ఒక నామావళి తయారుచేయవచ్చును. నెలకు రెండు ఆదివారాలు విద్యార్థులు జట్లుగా పోయి, అమ్మేవారి నోట ఏ పేరు వినబడితే ఆ పేరును తెలుగు లిపిలోనూ ఉర్దూ లిపిలోనూ వ్రాసుకొనవలెను. చేపను పూర్తిగా ఛాయాచిత్రం తీయవలెను. ఎక్కడినుండి వచ్చినదో, పెట్టెమీద ఏమి వ్రాసి ఉన్నదో గుర్తించవలెను. చిన్న కండ ముక్కను, దాని వెల చెల్లించి, సీసాలో స్పిరిటు పోసి ఉంచవలెను. జూన్ మాసంలో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేపల గిరాకీ మిక్కిలి ఎక్కువ గనుక ఆ రోజును ముఖ్యంగా చూడవలెను. రూపం చూచి గుర్తించగలిగినవాటికి ప్రయోగశాలతో పని లేదు. మిగిలిన అనుమానపు ముక్కలను మాత్రమే కొన్నింటిని ఏదైనా ప్రయోగశాలకు పంపితే ఖర్చు మన శక్తికి మించదు. సీసాలు, స్పిరిటు, చిన్న ఫ్రిజ్, పరీక్షల రుసుము, ఇంతే కమిటీ పెద్దలు సమకూర్చవలసినది.

ఇందులో ఒక నియమం మాత్రం తప్పరాదు. అమ్మినవారి పేరు ఏ కాగితంమీదనూ ఉండరాదు. ఫలితం వచ్చినప్పుడు మొదట చెప్పవలసినది వారికే. "అమ్మా, ఈ పెట్టెలో వచ్చినది ఫలానా చేప, దీనిని ఈ పేరుతో అమ్మితే మీకు మాట రాదు" అని చెప్పిననాడు వారు మనకు పాఠం చెప్పుటకు కూడా వెనుదీయరు. పులసకూ ఇలసకూ ఉన్న తేడా ఏ యంత్రమూ చెప్పలేనప్పుడు చెప్పగలిగినది వారే అని పైన చూచినాము.

మన సంచిక రెండు వైపులనుండి తెరుచుకొంటుంది. ఒక వైపు తెలుగు, మరొక వైపు ఉర్దూ. రెంటికీ నడుమ ఉండే పుటలలో ఏటేటా ఈ నామావళిని ముద్రించవచ్చును. మొదటి ఏడు ఇరవై పేర్లు మాత్రమే రావచ్చును. వాటిలో మొట్టమొదటి వరుసలో తెలుగులో రూప్‌చంద్ అని, ఉర్దూలో రూప్‌చంద్ అని, పక్కన దాని శాస్త్రీయ నామమును, 'దీనిని చందువ అనరాదు' అనే ఒక మాటనూ వ్రాయవలెనని మా కోరిక. ఆ పుటను తీసుకొనిపోయి, మేము నిలదీసిన ఆ తల్లికి స్వయంగా చదివి వినిపిస్తామని ఈ సంచికాముఖంగా మాట ఇస్తున్నాము.